కంచుపురుషుని పరీక్ష: చీనావారి సూచీవైద్యము



చీనాదేశమున సన్నని సూదులను దేహమున గ్రుచ్చి రోగబాధలను తగ్గించు వైద్యమొకటి రెండువేల యేండ్లకు పైబడి వాడుకలో నున్నది. మన పట్టణములందు దీనిని ఆక్యుపంక్చర్ అని వ్యవహరించుచున్నారు. నేను సూచీవైద్యమని పేర్కొందును. ఈ వైద్యము చేయువారి బోర్డులు నేడు మన వీథులందును కన్పట్టుచున్నవి. నడుమునొప్పితో బాధపడు బంధువొకడు వచ్చి, "సూదులు వేయించుకొందునా, వలదా?" అని మిమ్ము అడిగినచో ఏమని చెప్పుదురు? ఇది దివ్యమైన విద్య యని కొందఱు పొగడుదురు. వట్టి బూటకమని కొందఱు త్రోసిపుచ్చుదురు. ఇంటికి పెద్దయైనవాడు తెలియక ఔననరాదు, తెలియక కాదనరాదు. కావున ఈ విద్య ఎట్లు పుట్టెనో, ఎట్లు బోధింపబడెనో, ఎట్లు పరీక్షింపబడెనో నేడు మనవి చేసెదను. నేను బ్రతుకంతయు బడిపంతులుగా గడపినవాడను. అందుచేత పరీక్ష అను మాటయే నా కంటికి ముందుగా ఆనినది.

మొదట ఆ వైద్యుల మతమేమో చూతము. దేహమున 'చీ' అనబడు ప్రాణశక్తి యొకటి ఎడతెగక ప్రవహించుచుండునని వారందురు. మన శాస్త్రములలోని వాయువును ఇది కొంత జ్ఞప్తికి తెచ్చును గాని, రెండును ఒకటి కావు. ఆ శక్తి ప్రవహించుటకు పండ్రెండు ప్రధాన మార్గములు దేహమునకు ఇరుప్రక్కలను కలవు. ఇవిగాక దేహమధ్యమున ముందొకటి, వెనుకొకటి కలవు. కాలువలో పూడిక పడిన పై మడి మునుగును, క్రింది మడి ఎండును. అట్లే ఈ మార్గములందు అడ్డు ఏర్పడినచో రోగము పుట్టునట. మార్గముల పొడవునను సూది గ్రుచ్చదగిన స్థానములు కలవు. నేడు ప్రమాణముగా లెక్కించు స్థానముల పేళ్లు 361. వైద్యుడు రోగిని ప్రశ్నించి, నాలుక చూచి, రెండు మణికట్టులందును నాడి పట్టి, ఏ స్థానములందు సూది వేయవలయునో నిర్ణయించును. సూది దిగినపుడు రోగికి ఆ చోట బరువుగనో, తిమ్మిరిగనో, లోలోన సలుపుగనో తోచును. అట్లు తోచుటయే సూది సరిగా తగిలినందుకు గుఱుతని వారి సంప్రదాయము.

స్థానమును కొలుచు పద్ధతి మనకు క్రొత్తది కాదు. బయటి కొలబద్ద పనికిరాదు. రోగి బొటనవ్రేలి వెడల్పే ఒక అంగుళము. నాలుగు వ్రేళ్లు చేర్చినచో మూడంగుళములు. పిల్లవానికి పిల్లవాని అంగుళము, పెద్దవానికి పెద్దవాని అంగుళము. మన ఆయుర్వేదమునందలి స్వాంగుళ ప్రమాణము ఇట్టిదే. మోకాటిచిప్పకు దిగువ మూడంగుళములు కొలిచి, ముంగాలియెముకకు వెలుపలగా ఒక వ్రేలి వెడల్పు జరిగినచో మిక్కిలి ప్రసిద్ధమైన స్థానమొకటి దొరకును. అజీర్ణమునకును నీరసమునకును అచట సూది వేయుదురు.

చీనావారు ఈ విద్యను 'జెన్-జ్యూ' అందురు. మొదటి మాటకు సూది అనియు, రెండవదానికి కాల్పు అనియు అర్థము. ఎండిన ఆకును నలిపి దూదివలె చేసి, స్థానముపైన గాని దానికి చేరువను గాని అంటించి సెగ పెట్టుదురు. ఆ ఆకు మనము వినాయకచవితినాడు పూజించు మాచిపత్రి జాతిలోనిదే. పూర్వము చర్మము పొక్కునంతగా కాల్చుటయు కలదు. నేడు వెచ్చదనము తగులుటతో సరిపెట్టుచున్నారు.

ఇక చరిత్ర. ఈ విద్యకు మూలగ్రంథము 'పసుపుపచ్చని చక్రవర్తి అంతరంగశాస్త్రము' అను అర్థము గల పేరుతో ప్రసిద్ధము. చక్రవర్తి ప్రశ్నించుటయు, మంత్రి సమాధానము చెప్పుటయు అను సంవాదరూపమున నుండును. ఆ చక్రవర్తి పురాణపురుషుడు. గ్రంథము మాత్రము క్రీస్తునకు పూర్వము రెండు మూడు శతాబ్దులనుండి క్రమముగా కూర్పబడినదని చరిత్రకారుల నిర్ణయము. అందు తొమ్మిది విధములైన సూదులు వర్ణింపబడినవి. కొన్ని గ్రుచ్చుటకు, కొన్ని కోయుటకు, కొన్ని చర్మమును ఒత్తుటకు మాత్రమే.

1973లో చీనా దక్షిణభాగమునందలి మావాంగ్‌దుయి అనుచోట క్రీస్తునకు పూర్వము 168వ సంవత్సరమున మూయబడిన సమాధి యొకటి త్రవ్వబడెను. అందు పట్టుగుడ్డలపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరకినవి. వానిలో మార్గములు పదునొకండే. కాల్పుచికిత్స కలదు గాని సూదిస్థానముల ప్రసంగమే లేదు. అనగా ఈ విద్య ఒక్కనాడు ఒక్క మహాపురుషుని నోట వెలువడినది కాదు. మార్గములు ముందు, స్థానములు వెనుక, అంచెలంచెలుగా పెరిగినది. 1968లో మాన్‌చెంగ్ అనుచోట క్రీస్తునకు పూర్వము 113లో మరణించిన యొక రాజకుమారుని సమాధిలో బంగారుసూదులు నాలుగును వెండిసూదులు ఐదును లభించినవి. పిదప క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో హ్వాంగ్‌ఫూ మీ అను పండితుడు పూర్వగ్రంథములను పరిశీలించి, 349 స్థానములను వరుసపఱచి ప్రత్యేక గ్రంథము రచించెను. అటుతర్వాత తాంగ్ వంశపు చక్రవర్తులు తమ ఆస్థానవైద్యశాలలో సూచీవైద్యమునకు వేఱుగా ఒక శాఖను, ఒక ఆచార్యుని, ఇరువది మంది విద్యార్థులను ఏర్పాటు చేసిరి.

ఇచట నొక చిక్కు పుట్టెను. తాటియాకు ప్రతులతో పని గలవారికి అది సులభముగా తెలియును. వ్రాయసకాండ్ర చేతులలో పాఠములు చెడెను. ఒక ప్రతిలో రెండంగుళములని యుండగా మఱియొక ప్రతిలో మూడని యుండెను. ఒకరి పటమునకు మఱియొకరి పటము సరిపడదు. కావ్యమున ఒక అక్షరము తప్పినచో అర్థము చెడును. వైద్యమున ఒక అంగుళము తప్పినచో మనిషియే చెడవచ్చును.

ఈ చిక్కును తీర్ప పూనుకొన్నవాడు సోంగ్ వంశపు ఆస్థానవైద్యుడు వాంగ్ వేయీ. అతడు రెన్‌జోంగ్ చక్రవర్తి యాజ్ఞచే పాఠభేదములను పరిశీలించి 1026లో ప్రమాణగ్రంథమును సిద్ధము చేసెను. గ్రంథమొక్కటే చాలదని, 1027లో నిలువెత్తు కంచుపురుషులను ఇద్దఱిని పోతపోయించెను. అందు స్థానముల పేళ్లు 354. ఇరుప్రక్కలను లెక్కించినచో గుఱుతులు 657. ఒక విగ్రహమును వైద్యశాలయందును, రెండవదానిని రాజధానియైన కైఫెంగ్ నగరమునందలి దేవాలయమునందును నిలిపిరి. గ్రంథమును శిలలపై చెక్కించి, వచ్చినవారెల్ల చూచి ప్రతి వ్రాసికొనుటకు వీలుగా పాతిరి.

ఆ కంచుపురుషుని నిర్మాణము విచిత్రమైనది. లోపల బోలు. స్థానము స్థానమునకు సన్నని రంధ్రము. ప్రక్కన ఆ స్థానము పేరు. పరీక్షదినమున ఆ విగ్రహమునకు పైన మైనము పూసి, రంధ్రములును పేళ్లును కనబడకుండ కప్పి, లోపల ద్రవము నింపెడివారట. అది నీరని కొందఱు, పాదరసమని కొందఱు వ్రాసిరి. పరీక్షాధికారి స్థానము పేరు చెప్పును. విద్యార్థి అంగుళములు కొలిచి సూది గ్రుచ్చవలయును. చోటు సరియైనచో సూది లోనికి దిగి ద్రవము చిమ్మును. తప్పినచో సూది కంచునకు తగిలి ఆగిపోవును. అడిగినవాని దయతోను, చెప్పినవాని వాగ్ధాటితోను పనిలేదు. ఇట్టి పక్షపాతము లేని పరీక్షాధికారిని నేనెచ్చటను వినియుండలేదు.

మనవారును అభ్యాసము లేని వైద్యుని నమ్మలేదు. సుశ్రుతసంహితయందు, శిష్యుడు మనుష్యుని తాకుటకు ముందు గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోతను, తామరతూడులపై సిరావేధను, గుడ్డలతో చేసిన పురుషాకృతిపై కట్లు కట్టుటను అభ్యసింపవలయునని విధింపబడినది. కాని సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములకును చీనావారి స్థానములకును ఉద్దేశభేదము కలదు. మర్మము శస్త్రము తగులకుండ కాపాడవలసిన తావు. చీనావారి స్థానము సూది వేయదగిన తావు. రెండును ఒకటే యని తొందరపడి చెప్పువారి మాటను పెద్దలు సరిచూచుకొందురు గాక.

కంచుపురుషులకును శిలలకును పట్టిన గతి వినుడు. రాజ్యములు మాఱెను, యుద్ధములు వచ్చెను, విగ్రహములు చేతులు మాఱెను. 1443లో మింగ్ వంశపు చక్రవర్తి శిథిలమైనదానిని చూచి క్రొత్త విగ్రహమును పోయించెను. మొదటివి రెండును కాలగర్భమున కలిసినవి. శిలలు పెకింగునకు, అనగా నేటి బీజింగునకు, చేర్పబడెను గాని, ఆ నగరపు కోటగోడ కట్టునపుడు వానిని పగులగొట్టి పునాదిరాళ్లుగా వాడిరి! 1965 మొదలు 1971 వఱకు ఆ గోడను పడగొట్టుచుండగా అక్షరములు గల రాతిముక్కలు కొన్ని బయల్పడినవి. మన పల్లెలలో శాసనపురాళ్లు బట్టలుతుకు బండలగుట చూచినవారికి ఇది వింతగా తోపదు.

రాళ్లతోపాటు విద్యయు క్షీణించెను. దేహమున సూదులు గ్రుచ్చించుకొనుట పెద్దమనుష్యులకు రోతయయ్యెను. చేతిపనిచేయు వైద్యునికంటె గ్రంథము చదివి కషాయము వ్రాసియిచ్చు వైద్యునికే గౌరవము హెచ్చెను. తుదకు 1822లో చింగ్ వంశపు దావోగ్వాంగ్ చక్రవర్తి, సూదియు కాల్పును ప్రభుదేహమునకు తగవని, ఆస్థానవైద్యశాలలోని ఆ శాఖనే శాశ్వతముగా మూయించెను. పాఠశాల పోయెను, పరీక్ష పోయెను. మిగిలినది పల్లెపల్లెకు తిరుగు వైద్యుల చేతిలోని మోటుసూది. దానితో కురుపులు చిదుముటయు, చెడునెత్తురు తీయుటయు జరుగుచుండెను. సూదిని శుభ్రపఱచుట తెలియనందున క్రొత్తరోగములు అంటుటయు కలదు. 1929లో నాన్కింగున జరిగిన ప్రభుత్వారోగ్యసభయందు, పాశ్చాత్యవైద్యము చదివిన యూ యున్‌శ్యూ అను వైద్యుడు స్వదేశవైద్యము నంతటిని క్రమముగా రద్దుచేయవలయునని ప్రతిపాదించెను. ఆ యేడు మార్చి 17వ తేదీన పలుప్రాంతముల స్వదేశవైద్యులు షాంగైలో సమావేశమై ప్రతిఘటించిరి. ప్రతిపాదన అమలు కాలేదు.

ఐనను నినాదములచే వైద్యము బ్రతుకదు. బోధనచే బ్రతుకును. ఆ సంగతి గ్రహించినవాడు చెంగ్ దాన్-ఆన్. ఇతడు 1899లో జ్యాంగ్సూ రాష్ట్రమున జన్మించెను. పాశ్చాత్యవైద్యమును అభ్యసించెను. తన నడుమునొప్పిని తండ్రి సూదులతో తగ్గించుటచే ఈ విద్యపై మనసు మరలినది. 1931లో గ్రంథము ప్రకటించెను. తపాలాద్వారా పాఠములు పంపెను. 1933లో సూచీవైద్యమునకై పత్రిక స్థాపించెను. జపానునకు పోయి అచటి పాఠశాలలను చూచివచ్చెను. అన్నిటికంటె ముఖ్యమైన పని యేమనగా, స్థానములను జీవించియున్న మనుష్యుల దేహములపై గుర్తించి, శరీరనిర్మాణశాస్త్రముతో సరిపోల్చెను. రక్తనాళముపై పడు స్థానములను ప్రక్కకు జరిపి, నరముల వెంబడి నిర్ణయించెను. మోటుసూదికి మాఱుగా వెండ్రుకవలె సన్ననైన సూదిని వాడుకకు తెచ్చినవారిలో ఇతడొకడు. నేడు మన పట్టణములో వేయు సూదియు, చూపు పటమును చాలవఱకు ఈ సంస్కరణఫలమే. దీనిని యుగయుగములనుండి మాఱక వచ్చినదని చెప్పుట చరిత్రకు విరుద్ధము. 1949 తర్వాతి చీనాప్రభుత్వము, వైద్యులు కొఱవడిన దేశమునకు చవకైన చికిత్స వలయునని దీనిని ఆదరించెను. 1955లో పెకింగున స్వదేశవైద్యపరిశోధనాలయము వెలసెను. చెంగ్ 1957లో మృతినొందెను.

పశ్చిమదేశములలో దీనికి ప్రచారము కలుగుటకు 1971 నాటి సంఘటన యొకటి కారణము. జేమ్స్ రెస్టన్ అను అమెరికా పత్రికాలేఖకునకు పెకింగున ఉండుకము వాచి శస్త్రచికిత్స జరిగెను. మఱునాటి రాత్రి కడుపులో ఉబ్బరము బాధింపగా మోచేతియందును మోకాళ్ల దిగువను సూదులు వేసిరి. ఉపశమనము కలిగినదని అతడు పత్రికలో వ్రాసెను. లోకము దానిని, మత్తుమందే లేక సూదులతో కడుపు కోసిరని మార్చి చెప్పుకొనెను. శస్త్రచికిత్సకు మత్తుమందు సూదిమందుగానే ఇయ్యబడినది. మన ఊళ్లలో తోకపాము నోటనోట త్రాచుపామగునట్లు వార్తయు పెరిగినది.

మన దేశమునకు ఈ విద్య వచ్చిన త్రోవ వేఱు. 1938లో జపానుతో పోరాడుచున్న చీనాకు సహాయముగా భారతజాతీయ కాంగ్రెసువారు ఐదుగురు వైద్యులను పంపిరి. వారిలో కోట్నీసు 1942లో అచటనే అసువులు బాసెను. వారిలోని మఱియొకడు కలకత్తా వైద్యుడగు బిజయకుమార్ బాసు. ఆయన 1958లో మరల చీనాకు పోయి సూచీవైద్యము నేర్చి, తిరిగివచ్చి బంగాళమున ఆరంభించెను. తర్వాత అది ఇతర రాష్ట్రములకు వ్యాపించినది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. కంచుపురుషుడు విద్యార్థిని పరీక్షించెను. ఆ పరీక్షలో నెగ్గినవానికి గ్రంథమున చెప్పిన చోటు తెలియునని రూఢియగును. కాని ఆ చోట గ్రుచ్చినచో రోగము తగ్గునా? దీనికి కంచుపురుషుడు ఉత్తరము చెప్పజాలడు. ఏలనన అతనికి నొప్పి లేదు. బడిలో ఇట్టిదానిని చూచుచునే యుంటిని. శ్లోకమును తప్పులేక అప్పగించిన బాలుడు పాఠము వచ్చినదని ఋజువు చేయును. శ్లోకములోని మాట సత్యమని ఋజువు చేయడు. అందుకు వేఱొక పరీక్ష వలయును. విద్యార్థికి గాక విద్యకే పెట్టవలసిన పరీక్ష అది.

అట్టి పరీక్షను జర్మనీవారు చేసి 2007లో ఫలితములు ప్రకటించిరి. చాలకాలముగా నడుమునొప్పి గల 1,162 మందిని మూడు తెగలుగా చీట్లు తీసినట్లు పంచిరి. మొదటి తెగకు చీనాగ్రంథములు చెప్పిన స్థానములందు సూదులు వేసిరి. రెండవ తెగకు స్థానములు కానిచోట్ల పైపైన గ్రుచ్చిరి. తమకు వేసినది ఏదియో ఈ రెండు తెగలవారికి తెలియనీయలేదు. మూడవ తెగకు మందులు, వ్యాయామము మొదలగు వాడుకచికిత్స చేసిరి. ఆఱుమాసముల పిదప చూడగా మేలుపొందినవారు మొదటి తెగలో నూటికి 47.6, రెండవ తెగలో 44.2, మూడవ తెగలో 27.4. ఈ లెక్కను నెమ్మదిగా విచారింపుడు. సూదులు వేయించుకొన్నవారికి వాడుకచికిత్సకంటె ఎక్కువ మేలు కలిగినది. కాని చోటు సరియైనను, తప్పైనను ఇంచుమించు ఒకే ఫలము! కంచుపురుషుడు సూది నాపివేయుచోటను జర్మనీ రోగికి నొప్పి తగ్గినది.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పుట న్యాయము కాదు. 2018లో 39 పరీక్షలను, 20,827 మంది రోగుల వివరములను కూర్చి లెక్కించిరి. నడుము, మెడ, మోకాలు, తలనొప్పి వంటి దీర్ఘకాలపు నొప్పులలో సరియైన సూదికి తప్పుసూదికంటె కొంచెము హెచ్చు ఫలము కలదని తేలినది. ఆ భేదము చిన్నది. సూదియే వేయించుకొననివారితో పోల్చిన భేదము పెద్దది. మణికట్టునకు పైన రెండంగుళముల దూరమున, లోపలివైపు రెండు స్నాయువులనడుమ నుండు స్థానమును ప్రేరేపించినచో శస్త్రచికిత్స తర్వాతి వాంతులు తగ్గుటయు పలు పరీక్షలచే కన్పట్టినది. దీనిని బట్టి ఈ విద్య బూటకమని త్రోసివేయరాదు. అట్లని 361 స్థానములును శాస్త్రసిద్ధములని శిరసావహింపరాదు. గ్రుచ్చుటచే నరములు స్పందించుట కొంత, వైద్యుడు చెంత కూర్చుండి శ్రద్ధగా విచారించుట కొంత, తగ్గునను నమ్మిక కొంత, స్థానబలము స్వల్పము. ఇవి కలిసి ఫలించుచున్నవని నాకు తోచును.

ఇప్పుడు ఆ బంధువునకు చెప్పదగిన మాట. పాతబడిన నొప్పులకు, ఆస్పత్రి వైద్యుడు చూచి ప్రమాదమేమియు లేదనిన పిదప, సూదులు వేయించుకొనవచ్చును. మూసియున్న పొట్లమును తన కన్నుల యెదుట విప్పి తీసిన క్రొత్తసూదియే కావలయును. ఒకరికి వాడినది మఱియొకరికి వాడినచో కామెర్లు మొదలగు రక్తదోషములు అంటును. ఱొమ్ముపై లోతుగా గ్రుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడవచ్చును గనుక, చదివి శిక్షణ పొందినవాని చేతనే వేయించుకొనవలయును. గుండెనొప్పి, పక్షవాతము, పాముకాటు, తగ్గని జ్వరము, కారణము తెలియని గడ్డలు, బరువు తగ్గుట, ఇట్టివానికి ఆలస్యము చేయక ఆస్పత్రికే పోవలయును. మధుమేహమునకును రక్తపుపోటునకును వాడు మందులను సూదులను నమ్మి మానరాదు. ఎన్ని దినములు, ఎంత రుసుము, ఎప్పటికి గుణము కన్పట్టును అని ముందే అడుగవలయును. చెప్పిన గడువునకు గుణము లేనిచో మానవలయును.

వాంగ్ వేయీ పాఠభేదములను సవరించెను. చెంగ్ దాన్-ఆన్ స్థానములనే జరిపెను. ఈనాటివారు సరియైన చోటునకు తప్పుచోటును పోటీగా నిలిపి చూచుచున్నారు. ఈ మువ్వురును ఆ విద్యకు శత్రువులు కారు. మన యిండ్లలోను అమ్మమ్మలు చెప్పిన చిట్కాలు, తాతలు వ్రాసియుంచిన యోగములు పెట్టెలలో నున్నవి. వానిని పూజించి దాచుటకంటెను, నవ్వి పాఱవేయుటకంటెను, ఎవరికిచ్చిరో, ఏమి జరిగినదో, ఇయ్యనివారికేమైనదో కాగితముపై తేదీతో వ్రాసియుంచుట మేలు. చదువు వచ్చిన పెద్దలు ఊరికొక్కరు ఈ పనికి పూనుకొన్నను, మన మనుమలకు కంచుపురుషుడు చెప్పలేని ఉత్తరము కొంత దొరకును.